రుజువులతో సహా కృతజ్ఞతలు

మా ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ కృతజ్ఞతలతో మొదలవుతుంది. ప్రాజెక్టు ఏమిటని తర్వాత అడుగుతారు. బయటివాళ్ళకు ఇది తలకిందుల వ్యవహారంలా కనిపించవచ్చుగాని, ఇందులో ఎంత తర్కం ఉందో లోపల ఉన్నవాళ్ళకు తెలుసు. పిల్లలు మిషన్ చేస్తారో చెయ్యరో చెప్పలేం. చేసినా అది తిరుగుతుందో తిరగదో చెప్పలేం. చివర మాకందరికీ కృతజ్ఞతలు చెప్పడం మాత్రం ఖాయం. ఖాయంగా జరిగేదాన్ని ముందు రిజిస్టరు చేసి, అనుమానంగా ఉన్నదాన్ని తీరిగ్గా చూసుకోవడంలో తప్పేముంది?

నా పేరు పొట్నూరు సన్యాసిరావు. మెకానికల్ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ప్రాజెక్టుల కోఆర్డినేటర్‌ని కూడా నేనే. ఈ రెండో పని ఎలా వచ్చిందంటే, పనులు పంచిన రోజున నేను జ్వరంతో సెలవులో ఉన్నాను. మా దగ్గర సెలవు పెట్టినవాడికే పదవులు వస్తాయి.

ప్రతి థీసిస్‌లోనూ అట్ట తిప్పగానే కృతజ్ఞతల పేజీ ఉంటుంది. ఛైర్మన్ గారి దగ్గర మొదలుపెట్టి, మెట్టు మెట్టు దిగుతూ, ల్యాబ్ అటెండర్ దాకా అందరికీ అందులో దండం పెడతారు. పిల్లలు దాన్ని సీనియర్ల థీసిస్ చూసి దించేసేవారు. ఆ సీనియర్లు వాళ్ళ సీనియర్ల దగ్గర దించి ఉంటారు. ఒక బ్యాచ్ అయితే కాలేజీని వదిలేసి, ఆ తర్వాత లోకాన్ని కూడా వదిలేసిన ప్రిన్సిపాల్ గారికి, అనుక్షణం వెన్నంటి ఉన్నందుకు ధన్యవాదాలు చెప్పింది. ఎవరూ గమనించలేదు. థీసిస్ ఉన్నది బీరువాలో పెట్టడానికేనని మా అందరికీ ఒక అవగాహన ఉండేది.

ఆ అవగాహనను చెడగొట్టినవాడు మా సెక్రటరీ గారు. ఈయన ఛైర్మన్ గారి బావమరిది. వార్షికోత్సవంలో ఫోటో కోసం ఆయన చేతికి ఒక సివిల్ విద్యార్థి థీసిస్ ఇచ్చారు. ఫోటోగ్రాఫర్ కెమెరా సర్దుకునేలోగా, ఏమీ తోచక, ఆయన దాన్ని తెరిచారు. యాజమాన్యం వారు థీసిస్ తెరవడం కాలేజీ చరిత్రలో అదే మొదలు. తెరిచి ఒకే ఒక పేజీ చదివారు. అందులో ఆయన పేరు ప్రిన్సిపాల్ గారి పేరుకు కింద ఉంది. ఫోటోలో ఆయన మొహం ఎలా పడిందంటే, ఆ ఏడాది బ్రోషర్‌లో దాన్ని వెయ్యలేకపోయారు.

వారం తిరక్కుండా కృతజ్ఞతా పరిశీలక సంఘం ఏర్పడింది. కన్వీనర్‌గా లెక్కల ప్రొఫెసర్ డాక్టర్ చర్ల పద్మనాభం గారిని వేశారు. ఆయన ప్రభుత్వ కాలేజీలో రిటైరై మా దగ్గర చేరిన పెద్దమనిషి. ఒకరి జోలికి పోడు, ఒక్క పైసా ఆశించడు. ఆయనతో ఉన్న చిక్కల్లా ఒకటే. ఒక రూలు చేతికిస్తే దాన్ని పట్టుకుని చివరిదాకా నడిచి వెళ్ళిపోతాడు. చివర గోడ ఉంటే గోడను కూడా గుద్దుకుంటాడు గాని వెనక్కి తిరగడు. ఆయన్ని వేసినవాళ్ళకు అప్పుడు ఆ సంగతి తట్టలేదు.

సంఘం మొదట వరుస తేల్చింది. తర్వాత గుణాలు పంచింది. దూరదృష్టి ఛైర్మన్ గారికి, కార్యదక్షత సెక్రటరీ గారికి, విలువైన సలహాలు ప్రిన్సిపాల్ గారికి, స్ఫూర్తి రీసెర్చ్ డీన్ గారికి, ప్రోత్సాహం విభాగాధిపతులకు. నాలాంటి గైడ్లకు ఓపిక ఇచ్చారు. ఒకరి గుణాన్ని ఇంకొకరికి వాడకూడదు. ఎలక్ట్రికల్ విభాగంలో ఒకమ్మాయి తన తల్లి ప్రోత్సాహానికి కృతజ్ఞతలు రాస్తే, ఆ విభాగాధిపతి అభ్యంతరం దాఖలు చేశాడు. రెండు సిట్టింగులు నడిచాక, తల్లులు ఆశీస్సులతో సరిపెట్టుకోవాలని రాజీ కుదిరింది.

ఇక్కడితో ఆగి ఉంటే మాకు ఏ గొడవా ఉండేది కాదు. కాని పద్మనాభం గారికి ఒక సందేహం వచ్చింది. సాయం చెయ్యకుండానే కృతజ్ఞతలు పుచ్చుకుంటే దాన్ని ముఖస్తుతి అంటారు కదా అని. ఆయన సందేహపడితే అది సర్క్యులర్ అవుతుంది. "కృతజ్ఞత అనునది పొందిన సహాయమునకు ప్రతిస్పందన. కావున ఇకపై ప్రతి కృతజ్ఞతకు తగిన ఆధారము జతపరచవలెను. ఆధారము లేని కృతజ్ఞతలు గల థీసిస్ స్వీకరించబడదు." దీనికింద ఛైర్మన్ గారు చదవకుండా సంతకం పెట్టారు. అంతటితో ఆగకుండా, కాలేజీలకు గ్రేడులిచ్చే తనిఖీ బృందం వచ్చినప్పుడు ఈ పద్ధతిని మా ప్రత్యేకతగా చూపించారు. విద్యార్థుల్లో నైతిక విలువలు పెంచుతున్నామని చెప్పారు. బృందం వారు ఆనందించి మంచి గ్రేడిచ్చి వెళ్ళారు. ఇక దాన్ని తీసెయ్యడం ఎవరి తరమూ కాదు.

ఆధారం అంటే ఏమిటి? ప్రిన్సిపాల్ గారి విలువైన సలహాకు ధన్యవాదాలు చెప్పాలంటే ఆయన సలహా ఇచ్చి ఉండాలి. ఇచ్చిన సలహా ప్రాజెక్టులో కనబడాలి. దాంతో పాపం, ఇన్నేళ్ళూ ఏ ప్రాజెక్టు వైపూ కన్నెత్తి చూడని పెద్దలందరూ సలహాలు ఇవ్వక తప్పలేదు. బుధవారం మధ్యాహ్నాలు సలహా వేళలని బోర్డు పెట్టారు. పిల్లలు ప్రాజెక్టులు చంకన పెట్టుకుని, గది గదికీ వరుస కట్టి, సలహాలు తెచ్చుకునేవారు. పక్కన ఫోటో తీసే మనిషి ఉండేవాడు.

ఒక్కొక్కరి దగ్గరా ఒక్కొక్క సలహానే ఉండేది. అంతమందికి వేరువేరుగా ఎక్కణ్ణుంచి తెస్తారు? ప్రిన్సిపాల్ గారు ప్రతి ప్రాజెక్టుకూ సోలార్ పలక పెట్టమనేవారు. రీసెర్చ్ డీన్ గారు మొబైల్ యాప్ ఉండాలనేవారు. మా విభాగాధిపతి, మిషన్ పనిచేస్తున్నట్టు నలుగురికీ వినబడాలి కాబట్టి గంట కట్టమనేవాడు. సెక్రటరీ గారి కార్యదక్షత ఖర్చు తగ్గించడంలో ఉంది. ఏది రెండు కనబడినా ఒకటి తీసెయ్యమనేవారు. ఆఖరున ఛైర్మన్ గారు. ఆయన ప్రాజెక్టును ఎగాదిగా చూసి, పాతికేళ్ళ తర్వాత దేశం ఎలా ఉంటుందో ఊహించారా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా, దీన్ని ఇంకా పెద్దది చెయ్యండి అనేవారు.

అలా ఆ ఏడాది సివిల్ వాళ్ళ వంతెన నమూనాకు ఒక స్తంభం పోయింది. కంప్యూటర్ వాళ్ళు హాజరు లెక్కేసే సాఫ్ట్‌వేర్ రాసి, దానికి సోలార్ పలక ఎక్కడ పెట్టాలో తోచక మౌసుకు కట్టారు. డ్రోన్ చేసినవాళ్ళది మంచంకంటే పెద్దదైంది. పలక, గంట మోసుకుని అది నేల వదల్లేదు. కాని దాని ఆధారాల ఫైలు అందరికంటే లావుగా ఉండటంతో ప్రథమ బహుమతి వచ్చింది.

ఇప్పుడు పైలా ఇందుమతి సంగతి చెప్పాలి. ఆ పిల్ల నా దగ్గర ప్రాజెక్టు చేసింది. జట్టులో ఉన్నది ఇద్దరే, ఆమె, తవిటినాయుడు అనే కుర్రాడు. వాళ్ళది పలాస వైపు ఊరు. ఇందుమతి పిన్ని అక్కడ జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పిక్క కొట్టినప్పుడు పెంకులోంచి వచ్చే జీడినూనె చేతికి తగిలితే చర్మం ఊడి వస్తుంది. ఆముదం, బూడిద రాసుకుని కొడతారు, అయినా వేళ్ళు నల్లబడి పొక్కిపోతాయి. ఆ నూనె చేతికి అంటకుండా, పిక్కను తనే పట్టుకుని, కాలితో తొక్కితే పెంకు రెండు చెక్కలై పప్పు కిందకు జారే మిషన్ ఒకటి చేస్తానని ఇందుమతి నాతో అంది. చెయ్యమ్మా అన్నాను. ఇలాంటివి చాలామందికి చెయ్యమన్నాను. ఎవరూ చెయ్యలేదు.

ఈ పిల్ల చేసింది. ఒకరోజు వర్క్‌షాపులో తవిటినాయుడు కుర్చీ మీద కూర్చుని తొక్కుతుంటే పిక్కలు టకటకా విచ్చుకున్నాయి. పప్పు పప్పుగా కింద తట్టలో పడింది. ఇందుమతి తన రెండు చేతులూ చాపి చూపించింది, ఒక్క చుక్క నూనె లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా కింద ఒక ప్రాజెక్టు పనిచెయ్యడం అదే మొదటిసారి. నాకు సంతోషంతో కడుపు నిండిపోయింది. ఆ వెంటనే సలహాలు గుర్తొచ్చి భయం పట్టుకుంది.

ఇందుమతికి ఆ మిషన్ ఎందుకు ముఖ్యమో అందరికీ తెలుసు. క్యాంపస్‌లో ఆమెకు ఉద్యోగం రాలేదు. పిన్ని పనిచేసే ఫ్యాక్టరీ యజమాని కూర్మారావు గారు మాత్రం మాటిచ్చాడు. మిషన్ నడిస్తే ఫ్యాక్టరీ అంతా అవే పెడతాను, ఆ సెక్షన్‌కు నువ్వే ఇంజనీరువి అన్నాడు. బ్యాంకు వాళ్ళకు చూపించాలి కాబట్టి ఇంజనీరింగ్ సర్టిఫికెట్ పట్టుకు రమ్మన్నాడు. కొత్త పంట పిక్క వచ్చేదాకా ఆగుతానన్నాడు. అంటే మిషన్ కావాలి, సర్టిఫికెట్ కావాలి. మా కాలేజీలో ఆ రెండూ ఒకేసారి దొరకవని అప్పటికి ఆ పిల్లకు తెలియదు.

బుధవారం వచ్చింది. ఇద్దరూ మిషన్ మోసుకుని తిరిగారు. సలహాలన్నీ బుద్ధిగా రాసుకుని, తర్వాతి వారానికల్లా అమలు చేసి తెచ్చారు. సెక్రటరీ గారు రెండు చక్రాల్లో ఒకటి తీయించారు. ప్రిన్సిపాల్ గారి పలక నెత్తిన ఎక్కింది. గంట కట్టారు, ఫోనులో యాప్ పెట్టారు. ఛైర్మన్ గారి మాట ప్రకారం పెద్దది చేశాక తొక్కుడు చెక్క ఎక్కడో కిందకు పోయింది. తవిటినాయుడు కుర్చీ అంచుకు జారి, కాళ్ళు చాపి, గాల్లో తన్నుకుంటూ నా వైపు చూశాడు.

"దీన్ని తొక్కాలంటే ఏనుగు రావాల సార్" అన్నాడు.

ఏనుగు వచ్చినా లాభం లేదు, ఒక చక్రంతో ఆ మిషన్ తిరగదు. గంట మాత్రం ఏం చెయ్యకపోయినా మోగింది. సమీక్షకు వచ్చిన పెద్దలు చుట్టూ తిరిగి చూసి, ఎవరి సలహా దగ్గర వాళ్ళు ఆగి, ఫోటో దిగి, చాలా బాగుందన్నారు. పిక్క పగలట్లేదు సార్ అని ఇందుమతి మెల్లిగా చెప్పింది. రీసెర్చ్ డీన్ గారు ఆమె వైపు జాలిగా చూసి, అది సాంకేతిక సమస్య అనీ, దానికీ సమీక్షకూ సంబంధం లేదనీ చెప్పి ముందుకు కదిలారు.

మర్నాడు నేను వర్క్‌షాపుకు వెళ్ళేసరికి ఇందుమతి పానా పట్టుకుని సలహాలను ఒక్కొక్కటే ఊడదీస్తోంది. పలక ఒక మూల, గంట ఒక మూల, పెద్దది చెయ్యడానికి వేసిన చట్రం ఇంకో మూల. తవిటినాయుడు రెండో చక్రాన్ని బిగిస్తున్నాడు. ఇలా చేస్తే కృతజ్ఞతలు చెల్లవమ్మా, థీసిస్ ఆగిపోతుంది, సర్టిఫికెట్ ఆగిపోతుంది అని చెప్పాను. ఆ పెద్దదాన్నే చూపించి పాసైపో, తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో అని కూడా చెప్పాను. పానా ఆపకుండానే ఆ పిల్ల జవాబిచ్చింది.

"పిక్క కొట్టని దాన్ని నా మిషన్ అని ఎలగ సంతకం పెడతాను సార్? రేపు కూర్మారావు గారికి ఏటి సూపిస్తాను, గంటా?"

తవిటినాయుణ్ణి కూడా హెచ్చరించాను. వాడు తలెత్తి, తనకెలాగూ రెండు సబ్జెక్టులు ఉండిపోయాయనీ, తన సర్టిఫికెట్‌కు తొందరేమీ లేదనీ నిబ్బరంగా చెప్పి మళ్ళీ బిగించుకున్నాడు. ఇంక ఎవరితో మాట్లాడను?

సంఘం వాళ్ళను పిలిపించింది. సెక్రటరీ గారు కూడా వచ్చారు. కోఆర్డినేటర్‌ని కాబట్టి నేనూ ఒక పక్క కూర్చున్నాను. పద్మనాభం గారు కళ్ళజోడు సర్దుకుని, సదరు సలహాలు స్వీకరించబడి, తదుపరి ఉపసంహరించబడినవి గనుక, సదరు కృతజ్ఞతలు నిరాధారమైనవని చదివి వినిపించారు. ఇందుమతి నిలబడి, అలాగైతే తాను ఎవరికీ కృతజ్ఞతలు చెప్పననీ, ఆ పేజీ ఖాళీగా వదిలేస్తాననీ, ఖాళీకి ఆధారం అక్కర్లేదు కదా అనీ అడిగింది. పద్మనాభం గారు రూల్స్ అన్నీ తిరగేశారు. ఆ పిల్ల అన్నది లెక్క ప్రకారం సరైనదేమోనని ఆయన అనుకుంటుండగానే సెక్రటరీ గారు బల్ల గుద్దారు. కృతజ్ఞతాలోపం అనే కొత్త శీర్షిక కింద థీసిస్‌ను నిలిపివేశారు. వైవా లేదు, సర్టిఫికెట్ లేదు.

లేచి వెళ్తూ ఆ పిల్ల నా దగ్గర ఆగింది.

"మీ ఒక్కరికే రాద్దామనుకున్నాను సార్. మీ ఓపికకి రుజువు ఉంది. అంతా సూస్తూ ఊరుకున్నారు."

అందులో వెటకారం ఎంతో, నిజం ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇద్దరూ మిషన్‌ను ఆటోలో వేసుకుని పలాస వెళ్ళిపోయారు. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు మొదట దాన్ని నమ్మలేదట. ఇందుమతి పిన్ని కూర్చుని సాయంత్రం దాకా తొక్కి, చేతులు మామూలు సబ్బుతో కడుక్కుని చూపించాక, మర్నాడు ఆ కుర్చీ కోసం పోట్లాడుకున్నారట. కూర్మారావు గారు అలాంటివి మరికొన్ని చేయించాడు. కాని బ్యాంకు వాళ్ళు కాగితం అడుగుతున్నారనీ, సర్టిఫికెట్ లేకపోతే వేరే ఇంజనీరును చూసుకోక తప్పదనీ ఆమెతో చెప్పాడు. కొత్త పిక్క అప్పటికే రావడం మొదలైంది. ఇందుమతి నాకు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడిగేది, ఏమైనా కదిలిందా సార్ అని. కదిలితే కదా చెప్పడానికి.

కదిలించింది పేపరు. జిల్లా పేజీలో ఇందుమతి ఫోటో వేశారు. చుట్టూ ఆడవాళ్ళు చేతులు చాపి నవ్వుతున్నారు. కింద మా కాలేజీ పేరు ఉంది. అడ్మిషన్ల కాలం. ఛైర్మన్ గారు పొద్దున్నే పేపరు చూసి పొంగిపోయారు. మధ్యాహ్నానికి కాలేజీ గేటుకు ఫ్లెక్సీ వేలాడింది. ఇందుమతి ఫోటో అరచేయంత, ఛైర్మన్ గారిది ఆకాశమంత, మధ్యలో దూరదృష్టి అని పెద్ద అక్షరాలు. తనిఖీ బృందం మళ్ళీ రాబోతోంది, ఈ థీసిస్‌ను అద్దాల బీరువాలో పెట్టండి, నాకు చెప్పిన కృతజ్ఞతల పేజీ తెరిచి పెట్టండి అని ఆయన ఆజ్ఞాపించారు. అప్పుడు ఎవరో భయపడుతూ, ఆ థీసిస్‌ను మనమే ఆపేశామని చెప్పారు.

సంఘం అత్యవసరంగా కూర్చుంది. ఛైర్మన్ గారు స్వయంగా వచ్చారు. ఆపినదాన్ని వదిలెయ్యండి, నాకు కృతజ్ఞతలు రాయించండి, అంతే కదా అన్నారు. ఆధారం ఏమిటని పద్మనాభం గారు వినయంగా అడిగారు.

"నా కాలేజీలో చదువుకుంది కదయ్యా?" అన్నారు ఛైర్మన్ గారు.

"ఫీజు తీసుకున్నామండి. రశీదు ఇచ్చాము. రశీదు ఉన్న సేవకు కృతజ్ఞత వర్తించదని లోగడ తీర్మానించడమైనది. తమరే సంతకం చేశారు."

ఛైర్మన్ గారు తన దూరదృష్టిని గుర్తుచేశారు. పెద్దది చెయ్యమని తాను చెప్పలేదా? చెప్పారు, ఫోటో కూడా ఉంది అని పద్మనాభం గారు ఒప్పుకున్నారు. పెద్దది చేసిన తర్వాత సదరు యంత్రము ఆగిపోయినదనీ, సదరు సలహా తీసివేసిన తర్వాత నడిచినదనీ, ఆ కారణంగా యంత్రం నడవడానికి దోహదపడినది సలహా లేకపోవడమేననీ వివరించారు. ఆయన గొంతులో ఏ దురుద్దేశమూ లేదు, బోర్డు మీద లెక్క చేసినట్టే చెప్పారు. సెక్రటరీ గారు అడ్డు వచ్చి, సలహాలు తీసేసుకోనిచ్చాం కదా, అదే మనం చేసిన సాయం అన్నారు. అలా తీసేసినందుకే థీసిస్ నిలిపివేసి ఉన్నామని పద్మనాభం గారు ఫైలు తిప్పి చూపించారు.

పోనీ ఆ రూలే తీసిపారెయ్యండి అని ఛైర్మన్ గారు విసుక్కున్నారు. ప్రిన్సిపాల్ గారి మొహం పాలిపోయింది. మనకు గ్రేడు వచ్చిందే ఆ రూలు వల్ల సార్, తనిఖీ వాళ్ళు వచ్చి మొదట అడిగేది దాన్నే సార్ అని చేతులు నలుపుకున్నారు. ఒక మనిషి తన కాలేజీలో, తన సంతకం మీద, తనకు కృతజ్ఞతలు రాయించుకోలేక కూర్చోవడం నేను దగ్గరుండి చూశాను. నవ్వు ఆపుకోవడానికి నా దగ్గర ఉన్న ఓపిక మొత్తం ఖర్చయింది.

చివరకు దారి కూడా పద్మనాభం గారే చూపించారు. సహాయం ఇంతవరకు జరగలేదు కాబట్టి ఇప్పుడైనా జరగవచ్చును, దానికి కాలపరిమితి ఏదీ విధించలేదు అన్నారు. ఛైర్మన్ గారు వెంటనే కారు పంపించి పలాస నుంచి ఇందుమతిని రప్పించారు. ఆ పిల్ల ఫ్యాక్టరీలో ఉన్నట్టే చీరకొంగు నడుముకు దోపుకుని వచ్చింది. తవిటినాయుడు వెంట ఉన్నాడు. ఛైర్మన్ గారు ఎదురు కుర్చీ చూపించి, నీకు ఏ సాయం కావాలన్నా మొహమాటపడకుండా అడగమ్మా, మేమున్నది అందుకే అన్నారు.

ఇందుమతి కూర్చోలేదు.

"నా సర్టిఫికెట్ ఇప్పించండి సార్. ఆపింది మీరే. ఇప్పిస్తే నిజంగా సాయం చేసినట్టే ఉంటాది. రాయమన్నట్టు రాస్తాను."

ఛైర్మన్ గారు పద్మనాభం గారి వైపు చూశారు. పద్మనాభం గారు కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి, చెల్లుతుంది అన్నారు.

ఆ తర్వాత జరిగిన వేగం చూసి తీరాలి. నెలల తరబడి కదలనిది ఆ మధ్యాహ్నమే పూర్తయింది. పక్క ఊరి కాలేజీ నుంచి బయటి పరీక్షకుణ్ణి భోజనం మధ్యలో లేపుకొచ్చారు. ఆయన చెయ్యి తుడుచుకుంటూ, మిషన్ ఏది అని అడిగాడు. ఫ్యాక్టరీలో పనిచేస్తోంది సార్, తీసుకొస్తే అక్కడ పని ఆగిపోతుంది అని ఇందుమతి చెప్పింది. ఆయన తన ఉద్యోగంలో ఇంతవరకు ఇలాంటి జవాబు వినలేదనుకుంటాను, ఇంకో ప్రశ్న వెయ్యకుండా మార్కులు వేసేశాడు. ఛైర్మన్ గారు తన స్వహస్తాలతో సర్టిఫికెట్ ఇస్తుండగా ఫోటో తీశారు. ఇందుమతి అక్కడే నిలబడి కృతజ్ఞతల పేజీ రాసిచ్చింది. మొత్తం పేజీలో ఉన్నది రెండే వాక్యాలు. "నా సర్టిఫికెట్‌ను ఆపి, తిరిగి ఇప్పించిన ఛైర్మన్ గారికి కృతజ్ఞతలు. ఆధారం: ఇందువెంట జతపరచిన సర్టిఫికెట్ నకలు, ఫోటో."

పద్మనాభం గారు దాన్ని రెండుసార్లు చదివారు. ఆయన కళ్ళు చెమర్చాయి. సాయం చేసినవారు, పొందినవారు, చేసిన సాయం, దాని రుజువు అన్నీ ఒక్క చోట లోపం లేకుండా కలిసిన కృతజ్ఞత, సంఘం పెట్టిన తర్వాత ఇదే మొదటిదన్నారు. ఇందుమతి సర్టిఫికెట్‌ను సంచిలో పెట్టుకుని, నాకు నమస్కారం పెట్టి, పలాస బస్సెక్కింది. తవిటినాయుడు రెండు సబ్జెక్టులతో సహా ఆమె వెనకే ఎక్కాడు. వాణ్ణి కూర్మారావు గారు మిషన్లు బిగించే పనికి పెట్టుకున్నాడు, దానికి ఏ కాగితమూ అడగలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా కాలేజీలో మంచి జరిగినప్పుడు ఏం చెయ్యాలో నాకు అలవాటు లేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాని ఆ పేజీని ఛైర్మన్ గారు కూడా చదివారు. రెండుసార్లు కాదు, చాలాసార్లు. సోలార్ పలకలు, గంటలు, ఫోటోలు ఇన్ని అవస్థలు పడి ఏడాదంతా సంపాదించలేని కృతజ్ఞత, ఒక్క కాగితం ఆపి ఇవ్వడంతో ఎలా వచ్చిందో ఆయన గ్రహించారు. ఆయనకు దూరదృష్టి ఉందని నేను ఒప్పుకున్నది ఆ రోజే.

ఈ ఏడాది నుంచి సలహా వేళలు రద్దు. పిల్లలు ప్రాజెక్టు తమకు తోచినట్టు చేసుకోవచ్చు, చెయ్యకపోయినా అడిగేవారు లేరు. ప్రాజెక్టు ముగియగానే అందరి సర్టిఫికెట్లూ ప్రిన్సిపాల్ గారి లాకర్‌లోకి వెళ్తాయి. పిల్లలు ఉద్యోగంలో చేరే తేదీ దగ్గరపడేదాకా అవి అక్కడే ఉంటాయి. అప్పుడు ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తారు. ఛైర్మన్ గారు పెద్దమనసు చేసుకుని విడుదల చేస్తారు. బయటికొచ్చే పిల్లల కళ్ళలో నీళ్ళు, వాళ్ళ తల్లిదండ్రులు వంగి దండాలు. అంత నిజమైన కృతజ్ఞతను కాలేజీ ఎన్నడూ చూడలేదని తనిఖీ బృందం మెచ్చుకుని గ్రేడు పెంచింది. ఒక్క ఆధారం కూడా నకిలీది కాదని పద్మనాభం గారు సంతకం చేశారు.

పద్ధతి ఇంత బాగా పనిచేస్తుంటే దాన్ని విద్యార్థులకే పరిమితం చెయ్యడం అన్యాయమని సెక్రటరీ గారు ప్రతిపాదించారు. సిబ్బందిలో కూడా కృతజ్ఞతాభావం పెరగాలని సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. రెండు నెలలుగా మా జీతాలు ఆపారు. విడుదల చేసిన రోజున సమర్పించాల్సిన కృతజ్ఞతల పేజీ నేను ముందే రాసి పెట్టుకున్నాను, వరుస, గుణాలు అన్నీ సరిచూసుకున్నాను. ఇప్పుడు ఛైర్మన్ గారి గది బయట నిలబడి ఉన్నాను. నా ముందు పద్మనాభం గారు ఉన్నారు, ఆయన చేతిలో కూడా ఒక పేజీ ఉంది.